అమ్మనని చెప్పగల హక్కు: నిర్బంధ భూసేకరణకు బదులుగా సంప్రదింపుల కొనుగోలు

బెంటన్‌విల్‌లో కుళాయి తిప్పితే వచ్చే నీరు బీవర్ సరస్సుది. ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలలో, వైట్ నది మీద అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం 1960లలో కట్టిన ఆనకట్ట వెనక ఆ సరస్సు ఏర్పడింది. దాని నీటి విస్తీర్ణం సుమారు 28 వేల ఎకరాలు. మాంటీ నే అనే పాత విహారకేంద్రంలో చాలా భాగం ఆ నీటి అడుగున ఉంది. వర్షాలు తక్కువ పడిన ఏడాది అక్కడి కాంక్రీటు మెట్ల వరుసలు ఒడ్డున బయటపడతాయి. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఈ ఊరికి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో ఈ సరస్సు ఒడ్డుకు వెళ్తుంటాయి. వారిలో కొందరికి సొంత ఊళ్ళలో ఇంకా పొలాలున్నాయి. పట్టా వారి పేరు మీద ఉంటుంది, సాగు మరొకరి చేతిలో ఉంటుంది.

ఆ పొలం ఒక జలాశయానికో, రాజధానికో, పారిశ్రామికవాడకో అవసరమైందనుకుందాం. ప్రభుత్వం దాన్ని రెండు విధాలుగా తీసుకోవచ్చు. మొదటిది చట్టబలంతో, యజమాని ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా తీసుకోవడం. రెండవది ధర మాట్లాడుకుని, ఒప్పించి, రిజిస్ట్రేషన్ చేయించుకుని కొనడం. రెండవది మెరుగని ఎవరికైనా అనిపిస్తుంది. బలవంతం కన్నా అంగీకారం మేలన్న మాటలో వివాదమేమీ లేదు. కానీ దేన్ని అంగీకారమనాలి, ఎవరి అంగీకారం కావాలి అన్న ప్రశ్నల దగ్గర చిక్కు మొదలవుతుంది. 2015 తర్వాత తెలంగాణలో జీవో 123 చుట్టూ సాగిన వివాదమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగినదే.

బలవంతం ఎందుకు పుట్టింది

ఒక జలాశయానికి పది వేల ఎకరాలు కావాలి. ఆ భూమి వేలమంది చేతుల్లో చిన్నచిన్న కమతాలుగా ఉంది. అందరూ ఒప్పుకుని, నడిమధ్య ఉన్న రెండెకరాల రైతు ఒక్కడు ఒప్పుకోకపోతే కట్ట పూర్తికాదు. ఆ సంగతి తెలిసిన రైతు తన రెండెకరాలకు ఎంత ధరైనా అడగగలడు. అందరూ అదే ఆలోచనతో చివరి వరకూ ఆగితే బేరం ఎప్పటికీ తెగదు. నిర్బంధ సేకరణ అధికారానికి ఆర్థికశాస్త్రం చెప్పే ప్రధానమైన సమర్థన ఇదే.

దాని లోపం కూడా అంత స్పష్టమైనదే. ఒక భూమి దాని యజమానికి ఎంత విలువైనదో ఆ యజమానికే తెలుసు. బావి, చెట్లు, పక్కనే ఉన్న ఇల్లు, తండ్రి సమాధి రిజిస్ట్రేషన్ కార్యాలయపు పట్టికలో కనిపించవు. నిర్బంధ సేకరణలో ధరను మూడో మనిషి నిర్ణయిస్తాడు. సంప్రదింపులో అమ్మేవాడే తన ధర చెబుతాడు. ఈ కారణం చేతనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1894 నాటి పాత చట్టం కింద కూడా సంప్రదింపుల కమిటీలు పనిచేశాయి. రైతు ఒప్పుకున్న ధరకు కలెక్టరు ‘సమ్మతి అవార్డు’ ఇచ్చేవాడు. దానివల్ల డబ్బు త్వరగా చేతికి వచ్చేది. బదులుగా రైతు పరిహారం పెంచమని కోర్టుకు వెళ్ళే అవకాశాన్ని వదులుకునేవాడు. సంప్రదింపు అంటే ఒక హక్కును ఇచ్చి ఒక సౌకర్యాన్ని పుచ్చుకోవడమన్న సంగతి ఆనాడే ఉంది.

2013 చట్టం మార్చినదేమిటి

2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ, పునరావాస చట్టం ఈ లెక్కను మార్చింది. పరిహారం ఎలా లెక్కకట్టాలో చట్టంలోనే రాశారు. స్టాంపుల చట్టం ప్రకారం ఉన్న విలువ, సమీపంలో గత మూడేళ్ళలో జరిగిన అమ్మకాలలో పై సగం దస్తావేజుల సగటు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 వరకు రాష్ట్రం నిర్ణయించే గుణకంతో హెచ్చించాలి. చెట్లు, బావులు, కట్టడాల విలువ కలపాలి. ఆ మొత్తానికి సమానమైన సొమ్మును సొలేషియంగా చేర్చాలి. ఇవికాక సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ నాటి నుంచి మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనంగా ఇవ్వాలి.

ఒక ఊహాత్మకమైన లెక్కతో ఇది తేలిగ్గా బోధపడుతుంది. ఎకరం మార్కెట్ విలువ 3 లక్షలనీ, దాని మీద చెట్లూ బావులూ లేవనీ, ప్రక్రియకు ఏడాది పట్టిందనీ అనుకుందాం. గుణకం 1 అయితే 3 లక్షలు, అంతే సొలేషియం, పైన 36 వేలు, మొత్తం 6 లక్షల 36 వేలు. గుణకం 2 అయితే 6 లక్షలు, అంతే సొలేషియం, పైన 36 వేలు, మొత్తం 12 లక్షల 36 వేలు. ఇప్పుడు ఒక అధికారి వచ్చి ‘ఎకరానికి 7 లక్షలిస్తాం, ఇష్టపడి అమ్మండి’ అంటే అది ఉదారమైన ధరా, అన్యాయమైన ధరా? గుణకం ఎంతో తెలియకుండా ఆ రైతు జవాబు చెప్పలేడు.

మూల విలువే తక్కువగా ఉంటే గుణకం ఎంతున్నా ఫలితం తక్కువే. స్టాంపు సుంకం తగ్గించుకోవడానికి దస్తావేజుల్లో తక్కువ ధర రాయించుకోవడం తెలుగునాట పాత అలవాటు. పైగా 2013లో సవరించిన భూముల రిజిస్ట్రేషన్ విలువలను తెలంగాణలో మళ్ళీ సవరించినది 2021లో. ఈ మధ్యకాలంలో బయటి ధరలు పెరిగాయి, పట్టికలోని ధరలు కదలలేదు. సేకరణ మొదలుపెట్టే ముందు కలెక్టరు ఆ ప్రాంతపు మార్కెట్ విలువను సవరించాలని 26వ సెక్షన్ చెబుతోంది. ఆ పని జరిగిందా లేదా అన్నదే చాలాచోట్ల అసలు వివాదం.

డబ్బు లెక్క కన్నా పెద్ద మార్పు మరొకటి ఉంది. పాత చట్టానికి కనిపించినది భూయజమాని మాత్రమే. కొత్త చట్టం ‘బాధిత కుటుంబం’ అన్న మాటను తెచ్చింది. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతం మీదే ఆధారపడి బతికిన వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు సెంటు భూమి లేకపోయినా బాధితులే. ఇల్లు కోల్పోయినవారికి ఇల్లు. కుటుంబానికి ఒక ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్ళపాటు నెలకు 2 వేలకు తగ్గని భృతి. ఊరు వదలవలసినవారికి ఏడాదిపాటు నెలకు 3 వేలు, రవాణాకు 50 వేలు రెండవ షెడ్యూలులో ఉన్నాయి. ఎవరెవరు నష్టపోతారో లెక్కించడానికే సామాజిక ప్రభావ అంచనా. అది జరగకపోతే ఈ మనుషులు ఏ కాగితం మీదా ఉండరు.

జీవో 123

ప్రభుత్వాల వైపు నుంచి ఈ చట్టం మీద ఉన్న ప్రధానమైన ఫిర్యాదు కాలయాపన. ప్రభావ అంచనా, నిపుణుల పరిశీలన, గ్రామసభలు, అభ్యంతరాల విచారణ ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం సాగునీటి ప్రాజెక్టుల మీద తొందరలో ఉంది. 2015 జులై 30న రెవెన్యూ శాఖ జీవో 123 జారీ చేసింది. కలెక్టరు అధ్యక్షతన జిల్లాస్థాయి కమిటీ ఇష్టపూర్వకంగా అమ్మే యజమానులతో ధర మాట్లాడి భూమి కొంటుంది. ఆ ధరలోనే భూమి విలువ, జీవనోపాధి నష్టం, పునరావాసం అన్నీ ఇమిడి ఉంటాయి. తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

ప్రభుత్వ వాదన తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. రాజ్యాంగపు 298వ అధికరణం ఆస్తులు కొనడానికీ ఒప్పందాలు చేసుకోవడానికీ రాష్ట్రానికి అధికారమిచ్చింది. అమ్మేవాడికి ఇష్టమై, కొనేవాడికి ఇష్టమైతే మధ్యలో సేకరణ చట్టం ఎందుకు? చెమ్మ లేని మెట్టలో వరసగా బోర్లు ఎండిపోయి అప్పుల్లో ఉన్న రైతుకు నెలల్లో చేతికందే సొమ్ము నిజంగానే ఆకర్షణ. అలా సంతోషంగా అమ్మినవారూ ఉన్నారు.

అయితే దీన్ని కోర్టులో సవాలు చేసినవారిలో భూయజమానులు కాని వ్యవసాయ కూలీలున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో తలపెట్టిన జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కోసం భూములు కొంటున్నప్పుడు, ఆ పొలాల్లో పనిచేసేవారు హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టుకు వెళ్ళారు. యజమాని తన భూమిని ఇష్టపడి అమ్ముకున్నాడు సరే, మా పనిని ఎవరు ఎవరికి అమ్మారు అన్నది వారి ప్రశ్న సారాంశం. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం జీవోను కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలు చేసింది, కూలీలకు ప్రయోజనాలు కల్పిస్తూ అదనపు ఉత్తర్వులు ఇచ్చింది. 2017 జనవరిలో హైకోర్టు ఈ జీవో కింద కొనుగోళ్ళు సాగకుండా ఆపింది.

అదే కాలంలో మల్లన్నసాగర్ వివాదం నడుస్తున్నది. 50 టీఎంసీల ఈ జలాశయం కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్ వంటి ఊళ్ళు మునిగాయి. 2013 చట్టం ప్రకారమే భూమి తీసుకోవాలని వేములఘాట్ ప్రజలు 2016 వేసవిలో మొదలుపెట్టిన రిలే దీక్షలు వందల రోజులు సాగాయి. ఇక్కడ ఒక వైచిత్రి గమనించాలి. ఆ ఊరివారు కోరినది ‘నిర్బంధ’ సేకరణ చట్టాన్ని. వద్దన్నది ‘ఇష్టపూర్వక’ కొనుగోలును. నిర్బంధ చట్టంలో వారికి హక్కులున్నాయి, ఇష్టపూర్వక ఒప్పందంలో సంతకం మాత్రమే ఉంది. 2022 ఫిబ్రవరి 23న జలాశయం ప్రారంభమైంది. నిర్వాసితులు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరారు.

చట్టంలోనే ఉన్న మరో విశేషం చెప్పుకోవాలి. ఒక పరిమితికి మించి భూమిని సంప్రదింపులతో కొనే ప్రైవేటు వ్యక్తి లేదా కంపెనీ పునరావాస బాధ్యతలు నెరవేర్చాలని 46వ సెక్షన్ ఉద్దేశం. ప్రభుత్వానికి ఆ నిబంధన వర్తించదు, ప్రభుత్వం సేకరణ చట్టం దారిలోనే వస్తుందన్న నమ్మకం దాని వెనక ఉంది. జీవో 123తో ప్రైవేటు కొనుగోలుదారుకు ఉండే బాధ్యత కూడా ప్రభుత్వానికి లేని స్థితి ఏర్పడింది. ఆ తర్వాత 2017లో రాష్ట్రపతి ఆమోదంతో వచ్చిన తెలంగాణ సవరణ చట్టం ఇష్టపూర్వక కొనుగోలును 2013 చట్టం లోపలికే తెచ్చింది. జీవోగా నిలవనిది చట్టంగా నిలిచింది.

అమెరికా నిబంధన

బీవర్ ఆనకట్ట కట్టేనాటికి అమెరికాలో నిర్వాసితులకు దేశవ్యాప్తంగా వర్తించే సమగ్ర చట్టం లేదు. రహదారులకూ నగరాల పునర్నిర్మాణానికీ ఇళ్ళు పోగొట్టుకున్న లక్షలమంది అనుభవం తర్వాత, 1971 జనవరి 2న ఏకరూప పునరావాస సహాయ, స్థిరాస్తి సేకరణ విధానాల చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వపు సొమ్ము చేరిన ప్రతి ప్రాజెక్టుకూ అది వర్తిస్తుంది. దాని మొదటి సూత్రమే సంప్రదింపు. భూమిని సాధ్యమైనంత వరకు మాట్లాడుకునే తీసుకోవాలి. బేరానికి ముందే స్వతంత్ర మదింపు చేయించాలి, మదింపుదారు వచ్చినప్పుడు యజమాని వెంట ఉండవచ్చు. మదింపు విలువకు తగ్గకుండా లిఖితపూర్వకంగా ధర చెప్పాలి. ఒప్పించడానికి గడువులతో, బెదిరింపులతో ఒత్తిడి చేయకూడదు.

జీవో 123తో పోల్చదగిన నిబంధన మరొకటుంది. ఒక కొనుగోలును ‘స్వచ్ఛందం’ అని పిలవాలంటే, నిర్బంధ అధికారాన్ని వాడబోని సంస్థ రెండు సంగతులను యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి: బేరం కుదరకపోతే ఈ ఆస్తిని బలవంతంగా తీసుకోము, దీని మార్కెట్ విలువ ఇంత అని మా అంచనా. ఈ రెండూ చెప్పాక ఇష్టపడి అమ్మిన యజమానికి పునరావాస సహాయం ఉండదు, ఎందుకంటే వద్దనే అవకాశం అతడికి ఉంది. కానీ అందులో అద్దెకున్నవాడికి, ఆ అమ్మకం వల్ల ఖాళీ చేయవలసివస్తే, పునరావాస సహాయం ఉంటుంది. యజమాని సమ్మతి అద్దెదారు సమ్మతి కాదన్న చిన్న తర్కం మీద ఈ తేడా నిలబడింది. జహీరాబాద్ కూలీలు హైకోర్టులో చెప్పుకున్నది కూడా ఇదే.

దీన్నిబట్టి అమెరికాలో అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటు. బెంటన్‌విల్ నుంచి సుమారు రెండు గంటల ప్రయాణ దూరంలో బఫెలో నది ఉంది. 1972 మార్చి 1న దాన్ని తొలి జాతీయ నదిగా ప్రకటించారు. ఇళ్ళూ సాగూ ఉన్న యజమానులు భూమి అమ్మినా, 25 ఏళ్ళ వరకు గాని జీవితాంతం గాని అక్కడే నివసించే హక్కును అట్టిపెట్టుకోవచ్చని ఆ చట్టం వీలు కల్పించింది. అయినా పలు కుటుంబాలు నిర్బంధ సేకరణ వ్యాజ్యాల పాలయ్యాయి, మరికొన్ని ఆ భయంతోనే అమ్ముకున్నాయి. బాక్స్‌లీ లోయలో సాగు ఆగిపోతే లోయ స్వరూపమే మారిపోతుందని గ్రహించిన జాతీయ ఉద్యానవనాల సంస్థ, 1980లలో కొంత భూమిని ఆంక్షలతో తిరిగి రైతులకే ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆనాటి చేదు తగ్గలేదు. 2023లో ఆ నది హోదాను మార్చాలన్న ఆలోచన బయటికి వచ్చినప్పుడు జాస్పర్ ఊళ్ళో జరిగిన సభకు జనం పోటెత్తారు. ఆ ఆలోచనను ముందుకు తెచ్చినవారిలో బెంటన్‌విల్‌కు చెందిన ఒక పెట్టుబడి సంస్థ ఉంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ప్రాంతంలో భూమి మాట ఎత్తితే మొదట గుర్తుకొచ్చేది ఆనాటి సేకరణే.

కనెటికట్ రాష్ట్రపు న్యూ లండన్‌లో జరిగినది మరో పాఠం. 90 ఎకరాల అభివృద్ధి పథకానికి అక్కడి సంస్థ అధిక భాగం ఆస్తులను బేరమాడే కొన్నది. తొమ్మిదిమంది యజమానులు మాత్రం ఒప్పుకోలేదు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో సేకరణను సమర్థించింది. పథకం అనుకున్నట్టు సాగక ఆ స్థలాలు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. చర్చంతా ఆ తొమ్మిదిమంది గురించే జరిగింది. ముందే సంతకం చేసినవారిలో ఎందరు ఇష్టంతో చేశారు, ఎందరు ఎలాగూ తప్పదనుకుని చేశారు అన్నది ఏ దస్తావేజులోనూ ఉండదు.

అమరావతి: అమ్మకం కాని అమ్మకం

ఆంధ్రప్రదేశ్ ఇదే కాలంలో మూడవ దారి ఎంచుకుంది. 2015లో మొదలైన అమరావతి భూసమీకరణలో రైతుకు భూమి ధర ఇవ్వలేదు. ఎకరం మెట్టకు వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు భూమికి వెయ్యి, 450 గజాలు. పదేళ్ళపాటు ఏటా కౌలు మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటేటా పది శాతం పెంపుతో. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను. సుమారు 34 వేల ఎకరాలు ఈ విధంగా సమకూరాయి. నగరం పెరిగితే లాభంలో రైతుకు వాటా ఉంటుందన్నది దీని ఆకర్షణ. నిర్బంధ సేకరణలోనూ, రొక్కపు అమ్మకంలోనూ అంతటి వాటా ఉండదు.

కానీ లాభంలో వాటా అంటే నష్టంలోనూ వాటా. ధర చేతికందిన రైతుకు ప్రాజెక్టు ఏమైనా దిగులు లేదు. స్థలం కోసం వేచి ఉన్న రైతు ప్రభుత్వం మాట మీద ఆధారపడి ఉంటాడు. 2019లో ప్రభుత్వం మారి మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక ఆ సంగతి అనుభవానికి వచ్చింది. ఇచ్చిన హామీలకు కట్టుబడాలని 2022 మార్చి 3న హైకోర్టు తీర్పునిచ్చింది. 2024లో ప్రభుత్వం మళ్ళీ మారాకగాని పనులు ఊపందుకోలేదు. భూమి ఇవ్వనివారికి సేకరణ నోటీసు వస్తుందన్న భయం ఆ రోజుల్లో ఊళ్ళలో ఉన్నదే. సమీకరణ కూడా సేకరణ నీడలోనే జరిగింది.

సమ్మతికి కొలమానం

వైద్యంలో శస్త్రచికిత్సకు ముందు రోగి సంతకం తీసుకుంటారు. కాగితం మీద వేలిముద్ర ఉన్నంత మాత్రాన అది సమ్మతి కాదు. రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పి ఉండాలి, ఇతర మార్గాలేమిటో చెప్పి ఉండాలి, ఆలోచించుకునే వ్యవధి ఉండాలి, వద్దంటే వదిలిపెడతారన్న భరోసా ఉండాలి. భూమి అమ్మకానికీ ఇవే వర్తిస్తాయి.

మొదటిది సమాచారం. చట్టం ప్రకారం తీసుకుంటే ఎంత వస్తుందో, ఏ లెక్కతో వస్తుందో ప్రతి రైతుకూ తెలుగులో రాసి ఇవ్వాలి. అప్పుడే బేరం బేరమవుతుంది. అమ్మితే పోయే హక్కులు కూడా అందులో ఉండాలి. పరిహారం పెంచమని అడిగే హక్కు అందులో ఒకటి. ఏ అభివృద్ధీ చేయకుండా ఆ భూమిని మరొకరికి అమ్మితే పెరిగిన విలువలో 40 శాతం పాత యజమానులకు పంచాలన్న 102వ సెక్షన్ మరొకటి.

రెండవది నిరాకరణ. అమ్మనంటే ఏమవుతుందో ముందే చెప్పాలి. సేకరణ తప్పదనుకుంటే ఆ మాట దాచకూడదు, కానీ అప్పుడు ఆ కొనుగోలును స్వచ్ఛందమని పిలవకూడదు, పరిహారం చట్టం ఇచ్చేదానికన్నా తగ్గకూడదు. చట్టపు పరిహారం బేరానికి కింది గీత కావాలి.

మూడవది, అన్నిటికన్నా తరచుగా మరుగున పడేది, బేరంలో కూర్చోని మనుషులు. తెలుగునాట కౌలు ఎక్కువగా నోటిమాట మీద నడుస్తుంది. 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చినా, గుర్తింపు కార్డు దొరకని కౌలుదారులే ఎక్కువ. యజమాని బెంటన్‌విల్‌లో ఉండి, ఊళ్ళోని బంధువుకు పవర్ ఆఫ్ అటార్నీ పంపి అమ్మితే, అతడి సమ్మతిలో ఏ లోపమూ ఉండదు. అతడు కోల్పోయేది ఒక ఆస్తి, దానికి ధర ముట్టింది. ఆ పొలం మీద ఏటా రెండు పంటలు తీసిన కౌలుదారు, నాట్లు వేసిన కూలీ, నాగలి బిగించిన వడ్రంగి, మంగలం మీద పేలాలు వేయించి అమ్మిన ముసలమ్మ ఆ దస్తావేజులో సాక్షులుగా కూడా ఉండరు. కాబట్టి కొనుగోలు ఏ దారిన జరిగినా, ఊళ్ళో ఆ భూమి మీద బతికేవారెవరో ముందు లెక్కించాలి, వారి వాటా ధరలో కలిపి యజమానికి ఇవ్వకుండా విడిగా వారికే చెల్లించాలి. ప్రభావ అంచనాను కాలయాపన అనుకుంటే కుదించవచ్చు, ఎత్తివేయకూడదు.

ఈ మూడూ ఉన్నచోట సంప్రదింపుల కొనుగోలు నిర్బంధ సేకరణ కన్నా నిస్సందేహంగా మేలు. వ్యాజ్యాలు తగ్గుతాయి, డబ్బు త్వరగా అందుతుంది, రైతు తన ధర తాను చెప్పుకుంటాడు. ఇవి లేనిచోట అది సేకరణ చట్టంలోని రక్షణలను తప్పించుకునే దారి మాత్రమే. వేములఘాట్ దీక్షా శిబిరంలో కూర్చున్నవారికి ఈ తేడా తెలుసు. అందుకే వారు ఎక్కువ ధర అడగడం కన్నా ముందు చట్టాన్ని అడిగారు.